కత్తిరించిన ఫొటో

జూన్ 1

ఈ నెల ముప్పయ్యో తారీఖున నా బ్లాగు మూసేస్తారట. నాదొక్కటే కాదు, ఆ కంపెనీ దగ్గరున్న బ్లాగులన్నీ. పొద్దున్నే ఉత్తరం వచ్చింది. "ప్రియమైన వినియోగదారుకు" అని మొదలుపెట్టారు. పదహారేళ్ళు వాళ్ళింట్లో కాపురమున్నాను, నా పేరు కూడా తెలుసుకోలేదు. రాసినవి కావాలంటే ఈలోగా మీ కంప్యూటర్లోకి దించుకోండి, ఆ తర్వాత మాకు సంబంధం లేదు అన్నది సారాంశం.

నాకేం బాధ లేదు.

రేపెవరైనా అడిగితే చెప్పడానికని వివరాలు రాసి పెట్టుకుంటున్నాను. బ్లాగు పేరు 'కుట్టుమిషను కబుర్లు'. ఆరువందల పన్నెండు టపాలు, అన్నీ ఫొటోలతో. కుట్టుమిషన్లు బాగుచేయడం గురించి మన భాషలో ఇంత రాసినవాళ్ళు ఇంకొకరెవరైనా ఉంటే తీసుకురండి, వాళ్ళ మిషనుకి నేను బతికున్నన్నాళ్ళూ నూనె వేస్తాను.

జూన్ 2

బాధ లేదని నిన్న రాశాను కదా. లేదు.

జూన్ 4

దించడం మొదలుపెట్టాను. మొదటి టపా చదివితే నవ్వొచ్చింది. "అందరికీ నమస్కారం. నేను కుట్టుమిషన్ల మెకానిక్కుని. ఆడదాన్నే." అప్పట్లో షాపుకొచ్చిన ప్రతివాళ్ళూ "మెకానిక్కు లేడా అమ్మా" అని అడిగేవారు. "లేడు, నేనున్నాను" అనేదాన్ని. ఆ కోపమంతా ఆ ఒక్క మాటలో పెట్టినట్టున్నాను.

రాయడమంటే అప్పుడు నిజంగా పనే. ఇంట్లో కంప్యూటరు లేదు. వీధి చివర నెట్ సెంటర్లో కూర్చుని, ఇంగ్లిషు అక్షరాలు కొడితే మన అక్షరాలు పడే పద్ధతిలో ఒక్కో మాటా పేర్చేదాన్ని. గంటకి పది వాక్యాలు పడితే గొప్ప. నూనె చేతులతో కీబోర్డు పాడుచేస్తున్నానని ఆ సెంటరు ఓనరు నాకోసం ప్రత్యేకంగా ఒక గుడ్డ పెట్టాడు. టపా పడిన మూడు రోజులకి ఒక వ్యాఖ్య వచ్చేది. ఆ మూడు రోజులూ నా కాలు ఒకచోట నిలిచేది కాదు. జనం నిదానంగా చదివేవారు. చదివి ఆలోచించేవారు. ఆలోచించాక తగువు పెట్టుకునేవారు. ఆ తగువు కూడా "అక్కగారూ" అని పద్ధతిగా మొదలయ్యేది.

ఇప్పుడు చదవరు, బొటనవేలితో పైకి తోస్తారు. మిషను ఎందుకు పాడైందో నేను ఎదురుగా కూర్చుని చెబుతున్నా ఆ వేలు ఆగదు, నన్ను కూడా తోసేయగలిగితే బాగుండునన్నట్టు చూస్తారు. ముందు వ్యాఖ్యలు పోయి గ్రూపులొచ్చాయి. గ్రూపుల నిండా శుభోదయాలు. ఆ తర్వాత అందరూ వీడియోల్లో పడ్డారు. నిరుడు నా బ్లాగుకి నెలకి నలభై మంది వచ్చేవారు, పోయిన నెల పదకొండు మంది. నేను అంకెలు చూడను. ఊరికే కంటపడింది.

ఒక్క విషయం మాత్రం గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలను. రాసినదాంట్లో తప్పు దొరికితే నేను చెరపను. దాని మీద అడ్డగీత గీసి, కింద ఒప్పు రాసి, తారీఖు వేస్తాను. ఇది మా నాన్న దగ్గర నేర్చుకున్న పద్ధతి. మిషనులో విరిగిన ముక్కని ఆయన పారేసేవాడు కాదు, పొట్లం కట్టి ఓనరు చేతిలో పెట్టి, "ఇదీ పోయింది" అని చూపించేవాడు. ఆరువందల పన్నెండు టపాల్లో ఇరవై మూడు అడ్డగీతలున్నాయి. ఇరవై మూడే.

జూన్ 6

మా చెల్లెలి కూతురు వచ్చింది. ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. ఒకచోట కూర్చోదు, నోరు మూయదు. ప్రకటనల కంపెనీలో వీడియోలు కత్తిరించి అతికించే ఉద్యోగం.

"ఇవన్నీ దించి ఏం చేస్తావు పెద్దమ్మా?"

"దాచుకుంటాను."

"ఎవరు చదువుతారు?"

"నేను."

"రాసిందే నువ్వు కదా."

టీ పెట్టడానికి లేచాను. వంటింట్లోకి కూడా వెంటపడి వచ్చింది. ఒక్కో టపానీ అర నిమిషం వీడియోగా చేద్దామంటుంది. "నీ మొహం కూడా అక్కర్లేదు. నువ్వు మాట్లాడుతుంటే నీ చేతులు కనబడితే చాలు. నీ చేతులు పనిచేస్తుంటే ఎంత బాగుంటాయో నీకు తెలీదు" అంది.

యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఈ చేతుల్ని బాగున్నాయన్న మనిషి లేడు. గోళ్ళ సందుల్లో నలుపు పుట్టుమచ్చల్లా ఉండిపోయింది. సరేనన్నాను. పొగడ్తకి పడిపోయి కాదు.

మా ఆయన పేపరు మడిచి, "అర నిమిషంలో మీ పెద్దమ్మ గొంతు సవరించుకోవడం కూడా పూర్తవదమ్మా" అన్నారు. ముప్పయ్యేళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరయ్యారు. పిల్లల దగ్గర నేర్చుకున్న వెటకారం ఇంకా పోలేదు.

జూన్ 9

అన్నిటికన్నా ఎక్కువమంది చదివిన టపా ఏదని పిచ్చుక వెతికింది. మూడువందల నలభై ఒకటోది. "కుట్లు తప్పుతున్నాయా? టైమింగు మీరే సరిచేసుకోండి." తొమ్మిదేళ్ళ కిందటిది. లక్షా పన్నెండు వేలమంది చదివారు.

"దీంతోనే మొదలుపెడదాం" అంది.

"అది వద్దు. నూనె ఎక్కడెక్కడ వేయాలో అది చేద్దాం."

"నూనె ఎవరు చూస్తారు పెద్దమ్మా? లక్షమంది చదివింది పక్కన పెట్టుకుని?"

"పాతబడింది."

"మిషన్లు మారలేదు కదా. ఫొటో కూడా బాగుంది. ఇంత చిన్నగా ఎందుకు పెట్టావు?"

"అప్పటి ఫొటోలు అంతే."

చివరికి అదే చేశాం. సూది కిందికి దిగి పైకి లేవబోయే క్షణానికి, అడుగున తిరిగే షటిల్ ముక్కు వచ్చి దారాన్ని అందుకోవాలి. అదే టైమింగంటే. ఆ రెండూ కలుసుకోకపోతే కుట్టు పడదు. సూది కడ్డీని పట్టి ఉంచే స్క్రూ వదులుచేసి, కడ్డీని ఒక పిసరు దించి మళ్ళీ బిగించడం చూపించాను. ఒక్క టేకులో అయిపోయింది.

జూన్ 11

పన్నెండు వేలమంది చూశారు. రెండు రోజుల్లో.

జూన్ 13

మూడు లక్షల నలభై వేలు. పిచ్చుక ఫోను చేసి అరిచిన అరుపుకి నా చెవి ఇంకా గుయ్యిమంటోంది.

ఎదుటి మందుల షాపతను రోడ్డు దాటి వచ్చి మరీ చెయ్యి కలిపాడు. ఇన్నేళ్ళూ తలనొప్పి మాత్ర అడిగితే తల కూడా ఎత్తేవాడు కాదు. బస్సులో ఒకావిడ కడ్డీ పట్టుకున్న నా చేతుల్ని చూసి, "మీరు ఆ మిషను వీడియో ఆవిడ కదూ" అంది. చేతుల్ని బట్టి మనిషిని గుర్తుపట్టడం ఎక్కడైనా విన్నామా? కుట్టుమిషన్లు తయారుచేసే పెద్ద కంపెనీవాళ్ళు పిచ్చుకకి రాశారట, కొత్త మెకానిక్కులకి పాఠాలు చెప్పే వీడియోలన్నిటికీ నన్నే పెట్టుకుంటామని. నన్నే.

నాకు కళ్ళు నెత్తికెక్కాయని మా ఆయన అంటున్నారు. ఎక్కితే ఏం? పదహారేళ్ళు రాశాను. ఒక వారం ఎక్కనివ్వండి.

జూన్ 17

ఈరోజుకి మూడువందల నలభై టపాలు దించాను. మూడువందల నలభై ఒకటి రేపు.

జూన్ 18

తలనొప్పి. ఏమీ దించలేదు.

జూన్ 19

మూడువందల నలభై రెండు నుంచి దించాను.

జూన్ 20

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. చక్రాల సంచీలో మిషను పెట్టుకుని మూడు వీధులు లాక్కొచ్చిందట. ఇంట్లో కుట్టుకుని సంసారం నడుపుకునే మనిషి. స్కూలు యూనిఫారాలు నలభై సోమవారానికి ఇవ్వాలి, అందులో పన్నెండే అయ్యాయి.

"మీ వీడియో చూసే విప్పానండీ. కుట్లు తప్పుతున్నాయని. మీరు చెప్పినట్టే చేశాను కానీ నా చేతికి రాలేదు. టకామని చప్పుడైంది, ఆగిపోయింది. నాదే పొరపాటు."

తెరిచి చూశాను. కడ్డీ మరీ కిందికి దిగిపోయింది. సూది వెళ్ళి షటిల్‌కి కొట్టుకుని, ముక్కు విరిగింది. సగం సూది ఇంకా కడ్డీలోనే ఉంది. సూది మొదట్లో చదునుగా ఉండే వైపు తిరగబడి ఉంది. ఎప్పట్నుంచి కుట్లు తప్పుతున్నాయని అడిగాను. పోయినవారం కొత్త సూది పెట్టినప్పట్నుంచి అంది.

అంతే. సూది తీసి ఇటు తిప్పి పెట్టుకుంటే సరిపోయేది. అర నిమిషం కూడా పట్టదు.

షాపులో ఉన్న నా సొంత మిషను ఇచ్చి, ముందు యూనిఫారాలు పూర్తిచేసుకోమని చెప్పి పంపాను. "మీరు దేవతండీ" అంది. తల వంచుకుని స్క్రూల డబ్బా సర్దుకున్నాను.

జూన్ 21

ఇక్కడైనా రాయాలి.

తొమ్మిదేళ్ళ కిందట ఒక దర్జీ కుట్లు తప్పుతున్నాయని మిషను తెచ్చాడు. నేను తిన్నగా టైమింగు మీదికి పోయాను. టైమింగు సరిచేయడం అందరికీ చేతనయ్యే పని కాదు, నాకు చేతనవును, అందుకని. గుడ్డముక్క మీద కుట్టి చూస్తే ఏదో పడింది. మా ఆయన ఫొటో తీశారు, నేను టపా రాశాను. మర్నాడు ఒక వ్యాఖ్య వచ్చింది.

రాసినాయన 'పాతసూది' అనే పేరుతో వచ్చేవాడు. ఎవరో, ఎక్కడుంటాడో తెలియదు. ఏడేళ్ళపాటు నా ప్రతి టపాకీ మొదటి వ్యాఖ్య ఆయనదే. ఆయన ఏమంటాడో అనుకుంటూనే నేను రాసేదాన్ని. ఆ వ్యాఖ్య పాత మెయిల్లో ఇంకా ఉంది. ఈరోజు వెతికి తీశాను.

"అక్కగారూ, ఫొటోలో సూది తిరగబడి ఉన్నట్టుంది. నా కళ్ళ పొరపాటు కూడా కావచ్చు. టైమింగు ముట్టుకోకముందు సూది సరిగ్గా పెట్టి ఒకసారి కుట్టి చూశారా?"

ఫొటో పెద్దది చేసి చూసుకున్నాను. తిరగబడే ఉంది. మిషను ముట్టుకోకముందు సూది చూడాలన్నది మా నాన్న నాకు మొదటిరోజు నేర్పిన పని. అలాంటిది లోకానికంతటికీ పాఠం చెబుతూ, తిరగబడ్డ సూదిని ఫొటో తీయించి మరీ పెట్టాను.

అప్పుడు అడ్డగీత గీయలేదు. ఫొటోలో సూది ఉన్న కింది సగం కత్తిరించేశాను. వ్యాఖ్య తీసేశాను. మూడు వారాలకి ఆ దర్జీ మళ్ళీ వచ్చాడు, కొత్త సూది పెడితే కొట్టుకుంటోందని. లోపల ఏదో ముక్క అరిగిపోయిందని అబద్ధం చెప్పి, అతను వెళ్ళాక టైమింగు మళ్ళీ మొదటికి తెచ్చాను. ఇరవై మూడు అడ్డగీతలని ఇన్నాళ్ళూ చెప్పుకు తిరుగుతున్నాను. ఇరవై నాలుగు ఉండాలి.

పాతసూది మళ్ళీ రాలేదు. అందరిలాగే ఆయనా బ్లాగులు మానేసి వీడియోలకి పోయాడని చాలామందితో అన్నాను. మొదట్లో అది అబద్ధమని నాకు తెలుసు, తర్వాత్తర్వాత నేనే నమ్మేశాను. జనం చదవడం మానేశారని తొమ్మిదేళ్ళుగా తిడుతున్నాను. చదివిన ఒక్క మనిషినీ నేనే గెంటేశాను.

వీడియో తీసిన రోజున "ముందు సూది చూసుకోండి" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే, మరి టపాలో ఎందుకు లేదని ఎవరైనా అడుగుతారేమోనని మింగేశాను. ఎంతమంది విప్పుకున్నారో.

జూన్ 22

ఆవిడ యూనిఫారాలు పూర్తిచేసి నా మిషను తెచ్చిచ్చింది. తన మిషనుకి కొత్త షటిల్ వేసి సిద్ధంగా ఉంచాను. విరిగిన ముక్క, విరిగిన సూది పొట్లం కట్టి చేతిలో పెట్టి, "ఇది మీ తప్పు కాదు, నాది" అని మొత్తం చెప్పాను.

పరవాలేదండీ అంటుందనుకున్నాను. అనలేదు. పొట్లం విప్పి, ఆ సూది ముక్కని వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

"నాకు చేతకాదని రెండు రోజులు ఏడ్చానండీ. మా ఆయన కూడా, తెలియని పనులు నీకెందుకన్నాడు."

సంచీలో మిషను పెట్టుకుని గుమ్మం దగ్గర ఆగింది. "ఇంకా ఎంతమంది ఏడుస్తున్నారో చూడండి మరి" అని వెళ్ళిపోయింది.

జూన్ 23

మా ఆయనకి చెప్పాను. విని, లేచి, అలమరా పైన పెట్టెలోంచి పాత ఫొటోల డిస్కు తీసుకొచ్చారు. అందులో ఆ ఫొటో ఉంది, పూర్తిది. సూది స్పష్టంగా కనబడుతోంది.

"నేను తీసిన ఫొటోలో సగం ఏమైందో నాకు తెలీదనుకున్నావా?" అన్నారు.

"మరి తొమ్మిదేళ్ళు ఎందుకు అడగలేదు?"

"నువ్వే చెప్తావనుకున్నాను. ఇంత లేటవుతుందని తెలిస్తే అప్పుడే అడిగేవాణ్ణి."

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన నా తల మీద చెయ్యేసి, నీళ్ళు తెచ్చిచ్చారు.

జూన్ 25

పిచ్చుకతో గొడవ.

"వీడియో తీసేద్దాం. సరిపోతుంది కదా. ఎవరికీ తెలీదు."

"తొమ్మిదేళ్ళ కిందట నేను చేసిందదే."

"కంపెనీవాళ్ళు సోమవారం మాట్లాడతామన్నారు పెద్దమ్మా. ఇప్పుడు నువ్వెళ్ళి, నాకు సూది పెట్టడం రాదంటే వాళ్ళు పాఠాలు చెప్పిస్తారా?"

"రాదని ఎవరన్నారు? చూడలేదంటాను. చూడకపోవడం వేరు, రాకపోవడం వేరు."

"జనానికి ఆ తేడా ఎవరు చెప్తారు?"

"నేనే. అందుకే తీయమంటున్నాను."

అలిగి వెళ్ళిపోయింది. ముక్కు మీద కోపం మా ఇంటి ఆడవాళ్ళ ఆస్తి. దానికొచ్చిన వాటా తక్కువేం కాదు.

జూన్ 27

పొద్దున్నే కెమెరా పట్టుకుని వచ్చింది. మొహం ఇంకా ముడుచుకునే ఉంది. స్టాండు నిలబెట్టింది.

ఈసారి చేతులు కాదు, మొహం తీయమన్నాను. పూర్తి ఫొటో పట్టుకుని చూపించాను. ఏం జరిగిందో, ఏం దాచానో చెప్పాను. పాతసూది వ్యాఖ్య అక్షరం పొల్లుపోకుండా చదివాను. "నా కళ్ళ పొరపాటు కూడా కావచ్చు" అన్న చోట గొంతు పట్టేసింది. స్క్రూ ముట్టుకోకుండా ముందు సూది ఎలా చూసుకోవాలో రెండుసార్లు చూపించాను. విప్పి పాడుచేసుకున్నవాళ్ళు ఎవరైనా మిషను నా దగ్గరికి తెస్తే నేనే బాగుచేస్తానన్నాను, రాలేనివాళ్ళకి ఫోనులో చెబుతానన్నాను.

మూడు నిమిషాల ఇరవై సెకన్లు వచ్చింది.

"గొంతు పట్టేసిన చోట కత్తిరించనా?" అంది పిచ్చుక.

"ఏదీ కత్తిరించకు."

తలూపింది. పాత వీడియో తీసేసి, దాని స్థానంలో దీన్ని పెట్టింది.

జూన్ 28

నాలుగు వేలమంది. చాలామంది మొదటి నిమిషంలోనే తోసేశారని పిచ్చుక చెప్పింది. ఉన్నవాళ్ళలో సగం మంది తిట్టారు. "సూది పెట్టడం రానివాళ్ళు కూడా మెకానిక్కులే." చదివాను. ఒక్కటీ తీసేయలేదు.

జూన్ 30

మిషన్ల కంపెనీవాళ్ళు నిన్న ఫోను చేయలేదు. చేయరు. చిన్నతనంగా ఉందా అంటే ఉంది. అబద్ధం ఎందుకు.

పొద్దున షాపు తెరవకముందే కంప్యూటరు ముందు కూర్చున్నాను. మూడువందల నలభై ఒకటో టపా తెరిచి, మొదటి వాక్యం నుంచి చివరిదాకా అడ్డగీత గీశాను. కింద పూర్తి ఫొటో, పాతసూది వ్యాఖ్య, ఒప్పు, ఈరోజు తారీఖు. తర్వాత దాన్ని దించుకున్నాను. దించాల్సింది అదొక్కటే మిగిలింది. పాతసూది పాత మెయిలు చిరునామాకి ఒక ఉత్తరం రాశాను. ఆ చిరునామా ఇప్పుడు లేదని అరగంటలో తిరిగొచ్చింది.

భోజనానికి వచ్చి చూస్తే బ్లాగు లేదు. తెల్ల పేజీ, మీరు వెతుకుతున్నది దొరకలేదని ఒక ముక్క. ఆ ఇరవై నాలుగో గీత లోకంలో నాలుగైదు గంటలు ఉంది. ఎవరూ చూసి ఉండరు. బాధగా ఉంది. ఒకటో తారీఖు నుంచీ ఉంది.

జూలై 8

ఈ వారంలో తొమ్మిది మిషన్లు వచ్చాయి, అన్నీ నా వీడియో చూసి విప్పినవే. ఫోన్లు ఇరవైకి పైనే. ఒకాయన అరిచాడు, విన్నాను. మిగతావాళ్ళకి సూది తిప్పించి, కడ్డీ మళ్ళీ ఎంత ఎత్తాలో చెప్పాను. పిచ్చుక సెలవు పెట్టి వచ్చి ఫోనులో బొమ్మలు తీసి పంపుతోంది. దాని అలక ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

ఈరోజు సాయంత్రం ఒక పెద్దాయన, దర్జీ, మిషనుని రెండు చేతులా మోసుకొచ్చాడు. మందుల షాపు దగ్గర నిలబడి అడుగుతున్నాడు, నాకు వినబడుతోంది.

"సూది తిరగేసి పెట్టిన మెకానిక్కమ్మ షాపు ఎక్కడండీ?"

ఒక్క క్షణం తల కొట్టేసినట్టయింది. లేచి గుమ్మంలోకి వచ్చాను.

"ఇదేనండీ. నేనే. మీరూ విప్పేశారా?"

"లేదమ్మా. ఇది వేరే జబ్బు. ముగ్గురికి చూపించాను. ముగ్గురూ బాగుచేశామన్నారు, బాగవలేదు. ఎక్కడ తప్పుపోయిందో ఒక్కరూ చెప్పరు." బల్ల మీద మిషను దించి, చేతులు దులుపుకున్నాడు. "మీరైతే మీ తప్పయినా చెప్తారని తెచ్చాను."

ఈ పనిలోకి వచ్చాక నన్ను ఎవరూ ఇంత పెద్ద మాట అనలేదు. నాకు చాలా గర్వంగా ఉంది.